వెయ్యడుగుల కేబుల్‌లో ఒక హార్స్‌పవర్

చిత్తూరు జిల్లా నేలకింద ఎక్కువగా ఉండేది గట్టి రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే దొరకాలి. ఎద్దులు లాగే కపిల పోయి ఆయిల్ ఇంజను వచ్చింది, ఆ తర్వాత బావి గట్టున కూర్చునే కరెంటు మోటారు. పైనుంచి పీల్చే పంపు ఎంత బలమైనదైనా 33 అడుగులు దాటి నీటిని లాగలేదు, ఎందుకంటే గాలి ఒత్తిడి నెట్టగలిగేది అంతవరకే. బోర్లు వందల అడుగులకు దిగాక మోటారే నీళ్లలో మునగాల్సి వచ్చింది.

అలా మునిగి తిరిగే మోటారుకు రూపమిచ్చినవాళ్లలో ముఖ్యుడు టిఫ్లిస్‌లో పుట్టిన ఆర్మేనియన్ ఇంజనీరు ఆర్మాయిస్ ఆరుతునోఫ్. అమెరికా చేరి 1930లో ఓక్లహోమాలో రెడా కంపెనీ పెట్టాడు. అతని పంపులు చమురు బావుల్లోకి దిగేవి. ఆ ఊహే ఈనాడు మన చెనక్కాయ చేలనూ టమోటా తోటలనూ తడుపుతోంది.

మోటారు కిందికి దిగితే కరెంటూ దిగాలి. మోటారు కొనేటప్పుడు హార్స్‌పవర్ అడిగే రైతులు కేబుల్ మందం అంత పట్టుగా అడగరు. నాకు బాధ కలిగించేది అదే.

కేబుల్‌లో ఎంత నష్టపోతామో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. చదరపు మిల్లీమీటరు మందంతో మీటరు పొడవున్న రాగి తీగ నిరోధం సుమారు 0.0172 ఓమ్. వెయ్యడుగులంటే రమారమి 300 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే ఒక్కో తీగకు 0.86 ఓమ్. పది హార్స్‌పవర్ మోటారు దాదాపు 17 ఆంపియర్లు తీసుకుంటుంది. 1827లో ఓమ్ చెప్పిన సూత్రం ప్రకారం ఆ తీగలో 14.6 వోల్టులు పడిపోతాయి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి వస్తుందని 1840ల నాటికి జౌల్ తేల్చాడు. 17ను 17తో, దాన్ని 0.86తో గుణించి, మూడు ఫేజుల తీగలకు కలిపితే సుమారు 746 వాట్లు. అంటే ఒక హార్స్‌పవర్! ఒక్క చుక్క నీరు తోడకుండానే అది బోరులో వేడిగా పోతోంది.

మోటారుకు చేరే వోల్టేజి మరీ తగ్గితే, లోడు మోయడానికి అది ఎక్కువ కరెంటు లాగుతుంది. 17 ఆంపియర్లు 20 అయితే కాయిళ్లలో పుట్టే వేడి దాదాపు 38 శాతం పెరుగుతుంది. మోటార్లు కాలి రీవైండింగుకు వెళ్లడానికి ఇదొక పెద్ద కారణం.

తిరుపతి కేంద్రంగా 2000లో ఏర్పడిన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం), కరెంటు వర్గంతో పాటు నష్టం పెరుగుతుందనే ఈ సూత్రాన్నే లైన్లకు వాడింది. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరాలకు 440 వోల్టుల లైను లాగే బదులు, 11,000 వోల్టుల లైనునే పొలాల దాకా తెచ్చి, నాలుగైదు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. వోల్టేజి 25 రెట్లయితే అదే లోడుకు కరెంటు 25వ వంతు చాలు, అదే తీగలో నష్టం 625వ వంతుకు దిగుతుంది. ఎంతో మెచ్చుకోదగ్గ పని ఇది.

కానీ స్టార్టరు నుంచి కిందికి వెళ్లే కేబుల్ రైతుదే. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి అందులో పోయే యూనిట్లు ఏ బిల్లులోనూ కనబడవు. 600 అడుగుల్లో 7.5 హార్స్‌పవర్ మోటారుకు 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేశారనుకుందాం. 13 ఆంపియర్లకు నష్టం 390 వాట్ల దగ్గర ఉంటుంది. నీటిమట్టం పడిపోయి, అదే మందం కేబుల్‌ను వెయ్యడుగులకు పొడిగించి పది హార్స్‌పవర్ మోటారు దించితే ఆ నష్టం 1,100 వాట్లు దాటుతుంది. మోటారు మార్చిన రోజే కేబుల్ లెక్క కూడా మళ్లీ వేయించాలి.