కాంటాక్టు లెన్సుకు నీరు తగలరాదు

సోమేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన తెలుగువారిలో కళ్ళజోడుకు బదులు కాంటాక్టు లెన్సులు ధరించేవారున్నారు. ఏ వస్తువైనా నీటితో కడిగితే శుభ్రమవుతుందన్నది చిన్ననాటి నుండి వచ్చిన అలవాటు. లెన్సు విషయంలో ఆ అలవాటే ప్రమాదకరం.

కొళాయి నీటిలోను, బోరు నీటిలోను, మిద్దెపై తొట్టిలో నిలిచిన నీటిలోను అకాంతమీబా అనే ఏకకణజీవి ఉండవచ్చు. ఆ నీటిని త్రాగినవారికి సాధారణంగా దానివల్ల హాని కలుగదు. అయితే అది లెన్సుకు అంటుకొని, కంటి ముందుభాగంలోని కార్నియా అనే పారదర్శక పొరపై ఏర్పడిన సూక్ష్మమైన గీతల గుండా లోనికి చొచ్చుకొనిపోయి పుండు కలిగిస్తుంది. ప్రతికూల స్థితిలో ఈ జీవి తన చుట్టూ గట్టి కవచం నిర్మించుకొంటుంది. అందువల్లనే చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఒక్కొక్కప్పుడు కార్నియా మార్పిడి తప్పదు. ఫిల్టరు నీరు, ఉమ్ము కూడా లెన్సుకు పనికిరావు.

చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకొన్న పిదపనే లెన్సును తాకాలి. స్నానానికి, ఈతకు ముందు దానిని తీసివేయాలి. డబ్బాలో మిగిలిన పాత ద్రావణంపై క్రొత్తది పోయడం పొదుపు కాదు. పాతది పారబోసి నింపాలి. డబ్బాను మూడు నెలలకొకసారి మార్చాలి. వైద్యులు అనుమతించనిదే లెన్సుతో నిద్రించరాదు. పండుగకు ఊరికి పోతూ బస్సులో కునుకు తీసేవారికీ ఇది వర్తిస్తుంది.

కన్ను ఎర్రబారినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా లెన్సు వెంటనే తీసివేయాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న చుక్కలలో స్టెరాయిడ్ ఉంటే, జబ్బు పైకి తగ్గినట్లు కనిపించి లోలోపల ముదురుతుంది. బెంగళూరులోని మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రికి గాని, సమీపంలోని నేత్రవైద్యుని వద్దకు గాని అదే రోజు వెళ్ళాలి. తీసిన లెన్సును, డబ్బాను పారవేయక వెంట తీసుకొనిపోవాలి; ఏ క్రిమి సోకిందో గుర్తించే పరీక్షకు అవి ఉపకరిస్తాయి.