ఎన్ని కోట్ల కణాలకు ఒక ఎరుక?

ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే మనిషిని కాసేపు గమనించండి. ఎడమ చేత నర్ది కొయ్య, కుడి చేత ఆకురాయి. చేతులు పనిలో ఉంటాయి, నోరు గిరాకీతో బేరమాడుతుంటుంది. చెంచా కాడ సన్నబడే చోట ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. ఎంత తగ్గించావయ్యా అంటే చెప్పలేడు, చేసి చూపిస్తాడు.

ఆ పనితనంలో పెద్ద వాటా తల వెనక, అడుగున ఉండే చిన్నమెదడుది. మనిషి మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు తేల్చిన లెక్క ఇది; అంతకుముందు గుండుగుత్తగా 10,000 కోట్లు అనేవారు. ఇందులో 6,900 కోట్లు, అంటే నూటికి ఎనభై, చిన్నమెదడులోనే ఉన్నాయి. పైన ముడతలు పడి కనిపించే పెద్దమెదడు పొరకు దక్కింది 1,600 కోట్లే.

మరి ఆ ఎనభై వంతులూ లేకపోతే? చైనాలో 24 ఏళ్ల యువతి ఒకామె తల తిరుగుతోందని ఆస్పత్రికి వెళ్తే, స్కాన్‌లో చిన్నమెదడే కనిపించలేదు. 2014లో వైద్యులు ఈ సంగతి ప్రకటించారు. ఆమెకు మాట స్పష్టంగా రావడానికి ఆరేళ్లు, సొంతంగా నడవడానికి ఏడేళ్లు పట్టింది. నడక అప్పటికీ తూలుతూనే ఉండేది. కానీ పెళ్లయింది, కూతురుంది, తన బాధ తానే డాక్టరుకు చెప్పుకుంది. స్పృహకు లోటేమీ లేదు. ఆఫ్రికా ఏనుగు లెక్క ఇంకా విచిత్రం: మొత్తం 25,700 కోట్ల కణాలు, మనకు మూడు రెట్లు. వాటిలో నూటికి 98 దాని చిన్నమెదడులోనే.

కాబట్టి కణాల లెక్క చూసి ఎరుకను కొలవలేం. తేడా అల్లికలో ఉందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా. ఆత్మకూరు దగ్గరి సోమశిల జలాశయాన్నే చూడండి, 78 టీఎంసీలు పడతాయి. కాలువకు వదిలిన నీరు ముందుకే పోతుంది, మళ్లీ జలాశయానికి రాదు. చిన్నమెదడులో సంకేతాలు చాలామటుకు అలాగే, వేటి పాయలో అవి ముందుకు సాగుతాయి. పెద్దమెదడు పొరలో మాత్రం వెళ్లిన సంకేతం తిరిగొచ్చి, పంపిన చోటునే మార్చేస్తుంది.

యంత్రాల సంగతికి వద్దాం. 2020లో వచ్చిన కృత్రిమ మేధ నమూనా జీపీటీ-3లో సర్దుబాటు చేసుకునే అంకెలు 17,500 కోట్లు. మెదడులో కణాల మధ్య అతుకులు సుమారు 100 లక్షల కోట్లు ఉంటాయని అంచనా. యంత్రం ఆ అంకెను అందుకున్న రోజున దానంతటదే మేల్కొంటుందని కొందరు ధీమాగా చెబుతుంటారు. చిన్నమెదడు సంగతి వాళ్లకెవరైనా చెప్పాలి. ఒక్కో మాట పుట్టించేటప్పుడు ఈ యంత్రంలో లెక్క పొరపొరా దాటుతూ ముందుకే పోతుంది. పుట్టిన మాట మాత్రం మళ్లీ మొదటికొచ్చి తర్వాతి మాటకు ముడిసరుకవుతుంది. దాన్ని తిరుగుదారి అనవచ్చా అన్నదే అసలు పేచీ.

పోనీ, నోటి మాటను ఎరుకకు సాక్ష్యంగా తీసుకుందామంటే అదీ కుదరదు. మెదడు దెబ్బతిని, చెప్పింది చేయలేక పడి ఉన్న 241 మందిని స్కాన్, ఈఈజీలతో పరీక్షించిన ఫలితాలు 2024లో వచ్చాయి. ఫలానా పని చేస్తున్నట్టు ఊహించుకోమంటే 60 మంది మెదళ్లు స్పందించాయి. లోపల మనిషి ఉన్నాడు, పలుకు లేదు. మరోవైపు, ఆత్మకూరు బస్టాండులో కుర్రాడి చేతిలోని ఫోన్ ‘నాకు బాధగా ఉంది’ అని తెలుగులో చక్కగా అనగలదు. మనుషులు కోట్ల సార్లు రాసిన వాక్యాల నుంచి నేర్చింది కదా!

సిద్ధాంతాలూ ఇంకా కుదుటపడలేదు. ఎరుకకు మెదడులోని ఆధారం 25 ఏళ్లలో దొరుకుతుందని నాడీశాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోక్ 1998లో తత్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెం కాసి, 2023లో ఓడి, వైన్ సీసాలు ఇచ్చుకున్నారు. రెండు ప్రధాన సిద్ధాంతాలను 256 మందిపై ముఖాముఖి పరీక్షిస్తే, 2025లో వచ్చిన ఫలితాలు రెండింటికీ చిక్కులే తెచ్చాయి.

అయినా 2023లో కొందరు పరిశోధకులు, తత్వవేత్తలు కలిసి ఉన్న సిద్ధాంతాల నుంచే 14 గుర్తులు ఏరి, అప్పటి యంత్రాలకు పెట్టి చూశారు. గట్టి అభ్యర్థి ఒక్కటీ దొరకలేదు. అలాంటివి తయారుచేయడానికి సాంకేతికంగా పెద్ద అడ్డంకీ కనిపించలేదు. సంకేతం తిరిగొచ్చే ఏర్పాటు ఆ 14లో ఉంది. పరిమాణం లేదు, ‘నాకు తెలుస్తోంది’ అని చెప్పగలగడమూ లేదు.