అజిత్రోమైసిన్: మూడు ట్యాబ్లెట్ల కోర్సు వెనకాల ఉన్న లెక్క

ఈ ఎపిసోడ్ అజిత్రోమైసిన్ గురించి. పేరు కొత్తగా ఉంటే, అజిత్రాల్ 500, అజీ 500 అంటే వెంటనే గుర్తొస్తుంది. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి ఇటు వచ్చినవాడిని. మీకు ఈ మందు అవసరమా కాదా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. రాశాక ఎలా వాడాలి, రాయకపోతే ఎందుకు వాడకూడదు, ఈ రెండే మాట్లాడుకుందాం.

ఏ మెడికల్ షాపు ముందైనా కాసేపు నిలబడండి. "అన్నా, గొంతు నొప్పి, రెండు అజిత్రాల్ ఇవ్వు" అనే మాట వినిపిస్తుంది. రెండే ఎందుకంటే, పోయినసారి రెండిటికే తగ్గిపోయింది కాబట్టి. అసలు సంగతి ఏంటంటే జలుబు, దగ్గు, గొంతు నొప్పి చాలావరకు వైరస్‌తో వస్తాయి. అవి తగ్గే టైమ్‌కి అవే తగ్గుతాయి, క్రెడిట్ మాత్రం ట్యాబ్లెట్‌కి పోతుంది.

బ్యాక్టీరియా లోపల ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ అనే చిన్న యంత్రం ఉంటుంది. అజిత్రోమైసిన్ వెళ్లి దానికి అతుక్కుని పని ఆపేస్తుంది. వైరస్‌కి సొంత రైబోజోమే లేదు, మన కణాల్లో ఉన్నదాన్ని వాడుకుంటుంది. ఇంక ఈ మందు దేన్ని పట్టుకోవాలి? కోవిడ్ అప్పుడు ఇంటింటికీ ఈ ట్యాబ్లెట్ వెళ్లింది కదా. బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద ట్రయల్‌లో ఆసుపత్రిలో ఉన్న కోవిడ్ పేషెంట్లకి ఇచ్చి చూస్తే, మరణాలు తగ్గలేదని 2021లో తేలింది.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. అమోక్సిసిలిన్ రక్తంలో సగానికి తగ్గడానికి గంట, గంటన్నర చాలు. అందుకే దాన్ని రోజుకి రెండు మూడు సార్లు రాస్తారు. అజిత్రోమైసిన్ సగం అవడానికి సుమారు 68 గంటలు పడుతుంది. అది కణాల్లోకి దూరి అక్కడే కూర్చుంటుంది. మూడో రోజు ఆఖరి ట్యాబ్లెట్ వేసుకున్నాక కూడా కొన్ని రోజుల పాటు లోపల పని చేస్తూనే ఉంటుంది. అందుకే మూడు ట్యాబ్లెట్లు కూడా పూర్తి కోర్సే. "మూడేనా, ఇంకో రెండు వేసుకుందాం" అనక్కర్లేదు.

కానీ దీనికి ఇంకో వైపు ఉంది. మందు నెమ్మదిగా దిగిపోతుంది కాబట్టి, చివరి రోజుల్లో బ్యాక్టీరియాని చంపేంత ఎక్కువా ఉండదు, అలా అని పూర్తిగా పోయీ ఉండదు. మన గొంతులో, పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియాకి ఇది ప్రాక్టీస్ మ్యాచ్ లాంటిది. బలహీనమైనవి పోతాయి, తట్టుకున్నవి పెరుగుతాయి. పూర్తి కోర్సు వాడినా ఇది జరుగుతుంది. జబ్బు నిజంగా ఉన్నప్పుడు ఆ ఖర్చు పెట్టొచ్చు. జలుబుకి పెడితే దండగ.

ఆ ఖర్చు ఎవరు కడతారు అంటే టైఫాయిడ్ వచ్చినవాళ్లు. 2016 చివర్లో హైదరాబాద్‌లో ఒక టైఫాయిడ్ మొదలైంది. మన హైదరాబాద్ కాదు, పాకిస్తాన్‌లో సింధ్‌లో ఉన్న హైదరాబాద్. అది పాత మందులకి లొంగలేదు, సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగలేదు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కి కూడా లొంగలేదు. నోటితో వేసుకునే వాటిలో మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. తర్వాత 2019లో బంగ్లాదేశ్ నుంచి, అజిత్రోమైసిన్‌ని కూడా తట్టుకునే టైఫాయిడ్ రిపోర్ట్ అయింది. మన దేశంలోనూ టైఫాయిడ్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ మీద నమ్మకం ఎప్పుడో పోయింది. ఇది కూడా పోతే ఇంట్లో ఉండి ట్యాబ్లెట్‌తో తగ్గించుకునే జ్వరానికి ఆసుపత్రిలో పడుకుని సెలైన్‌తో మందు ఎక్కించుకోవాలి.

అన్నట్టు టైఫాయిడ్‌కి ఇదే మందుని మామూలుగా వారం రోజులు రాస్తారు. కాబట్టి పాత చీటీ చూసి మళ్లీ కొనుక్కోవడం కుదరదు. జబ్బుని బట్టి డోసు, రోజులు రెండూ మారతాయి.

ఇక వాడే పద్ధతి. రోజూ ఒకే టైమ్‌కి వేసుకోండి. తిన్నాకైనా, తినకముందైనా పర్వాలేదు. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి. గ్యాస్‌కి జెల్యుసిల్ లాంటిది తాగే అలవాటుంటే, దానికీ దీనికీ రెండు గంటల గ్యాప్ ఉంచండి. ఒక డోసు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, రెండూ కలిపి మాత్రం వేసుకోవద్దు. పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 100 మిల్లీగ్రాములది, 200ది రెండూ దొరుకుతాయి. బాటిల్ మారితే "అదే చెంచా" అంటే డోసు డబుల్ అయిపోతుంది. చీటీలో ఏది రాశారో చూసి, కొలత మూతతోనే పోయండి.

అందరూ వదిలేసే విషయం ఒకటుంది, గుండె. ఈ మందు కొంతమందిలో గుండె కొట్టుకునే లయని దెబ్బతీయగలదని అమెరికా ఎఫ్‌డీఏ 2013లో హెచ్చరించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇది చాలా అరుదు. కానీ ఈసీజీలో క్యూటీ ఎక్కువని ఎప్పుడైనా చెప్పి ఉంటే, పొటాషియం తక్కువగా ఉంటే, గుండె లయకి మందులు వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. మనం టీ తాగినంత ఈజీగా వేసుకునే పాన్-డీలో ఆ "డీ" అంటే డోంపెరిడోన్. అదీ లయ మీద పని చేసేదే. వాంతులకి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా అంతే. సొంతంగా ఇవన్నీ కలిపి వేసుకోవద్దు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా చెప్పి తీరాలి.

కొంచెం విరేచనాలు, కడుపు నొప్పి మామూలే. ఒళ్లంతా దద్దుర్లు, మొహం వాపు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం అయితే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి. కళ్లు పచ్చబడినా, విరేచనంలో రక్తం పడినా మందు అయిపోయిన కొన్ని వారాల తర్వాతైనా సరే డాక్టర్‌కి చూపించాలి.

చివరిగా ఒకటి. స్ట్రిప్ వెనకాల నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం, 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ దీని మీద ప్రచారం కూడా చేసింది. డాక్టర్ మూడు రాసి, షాపులో ఐదున్న స్ట్రిప్ చేతిలో పెడితే, మూడే కట్ చేసి ఇమ్మనండి. పేరు, ఎక్స్‌పైరీ డేటు ఉన్న ముక్క మీ వైపు వచ్చేలా కట్ చేయించుకోండి.