మీటల మాటున దొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు అన్నారు. ఆ మాట అన్న కాలంలో ఇంటిదొంగ అంటే ఇంట్లో మసలే మనిషే. నేడు మనిషి కాని ఇంటిదొంగ ఒకడు బయలుదేరాడు. వాడు గోడకు కన్నం వేయడు, తాళం పగులగొట్టడు. మన బల్లమీది కంప్యూటరులో చేరి, మనం ఏ మీట నొక్కితే ఆ మీటను వ్రాసుకుంటాడు. దాచుకున్న రహస్యాలను మూటగట్టి బయటికి పంపుతాడు. వీడిని గురించి వ్రాయడానికి నేను పండితుణ్ణి కాను. వీడు మా ఇంటికి వచ్చి పోయాడు, అంతే.

మా అబ్బాయి, డబ్బు పెట్టి కొనవలసిన ఒక ఆటను ఉచితంగా ఇస్తామన్న చోటినుంచి దింపుకున్నాడు. "ముందు యాంటీవైరసును ఆపివేయండి" అని దానితో వచ్చిన సూచనలలో ఉన్నదట. కుర్రవాడు ఆపాడు. ఆట నడవలేదు, వాడూ ఆ సంగతి మరచిపోయాడు. నాలుగు రోజుల తరువాత బరంపురం నుంచి మా పెద్ద మేనమామగారు ఫోను చేసి, "ఏరా, డబ్బు అందిందా? ఆసుపత్రిలో ఉన్నది ఎవరురా?" అని అడిగారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నా మెయిలులోనుంచి, నా పేరుతోనే, సొమ్ము అత్యవసరమని బంధువులు 11 మందికి జాబులు వెళ్ళాయి. మామయ్య రూ. 15,000 పంపారు.

"ముందుగా నాకు ఒక్క ఫోను చేయకపోయారా మామయ్యా?" అన్నాను.

"నువ్వెన్నడూ చెయ్యి చాచినవాడివి కావు. అడగక అడిగితే, ఎందుకని తిరిగి ప్రశ్నించడం బాగుంటుందట్రా?" అన్నారు ఆయన.

ఆ మర్యాదే దొంగకు పెట్టుబడి అయింది.

నిజానికి ఈ విద్య కొత్తది కాదు. కంప్యూటర్లు ఇంటింటికీ రాకముందే పుట్టింది. 1984లో మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయపు టైపురైటర్లు మొదలైన యంత్రాలను అమెరికాకు తరలించి, ఎక్స్‌రే తీసి పరీక్షించారు. ఐ.బి.ఎం. సెలక్ట్రిక్ అనే విద్యుత్ టైపురైటరులో, పైకి మామూలు లోహపు కడ్డీగా కనిపించే భాగంలో, సోవియట్ గూఢచారులు అమర్చిన సూక్ష్మయంత్రం బయటపడింది. అక్షరాల గుండు ఏ అక్షరానికి ఎట్లా తిరుగుతున్నదో పసికట్టి, రేడియో ద్వారా అది బయటికి పంపేది. మాస్కో, లెనిన్‌గ్రాడ్ కార్యాలయాలలో కలిపి ఇటువంటివి 16 దొరికాయి. 1976 మొదలు 1984 వరకు అవి పని చేశాయి. ఆ కార్యాలయాలవారు రహస్యపు జాబులను సంకేతలిపిలోకి మార్చే పంపేవారు. ఐనా లాభమేమి? మార్చకముందే, టైపు చేసే వేళనే అక్షరాలు జారిపోయాయి. తాళంచెవి మన చేతిలో ఉండగానే దాని అచ్చు తీసుకునేవాడికి తాళం ఎంత గట్టిదైతేనేమి?

నేటి కీలాగర్ చేసే పని అదే. ఐతే దానికి కడ్డీ అక్కరలేదు. కంప్యూటరులో దూరిన చిన్న ప్రోగ్రాము చాలు. దానికి అన్నగారు ఇన్ఫోస్టీలర్. ఇది మనం టైపు చేసేదాకా కూడా ఆగదు. బ్రౌజరు గుర్తుంచుకున్న పాస్‌వర్డులను, కార్డు నంబర్లను, కుకీలను నిమిషాలలో ఊడ్చుకుపోతుంది. కుకీ అంటే సభాద్వారం దగ్గర మనలను గుర్తుపట్టి ఇచ్చిన చీటీ వంటిది. చీటీ ఉన్నవాణ్ణి లోపల మళ్ళీ ప్రశ్నించరు. అది దొంగ చేతిలో పడితే, పాస్‌వర్డు గాని ఓటీపీ గాని అడగకుండానే లోపలికి రానిస్తారు. నా మెయిలు తెరిచినప్పుడు నా ఫోనుకు ఒక్క ఓటీపీ కూడా రాలేదు.

వీటి విస్తారం సామాన్యమైనది కాదు. లుమ్మా అనే ఒక్క స్టీలరే, 2025 మార్చి 16 మొదలు మే 16 వరకు, 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో చేరినట్లు మైక్రోసాఫ్ట్ సంస్థ లెక్క తేల్చింది. మన దగ్గరా కద్దు. తమిళనాడులోని కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో, పరిపాలన పనులకు వాడే ఒక కంప్యూటరులో హానికరమైన ప్రోగ్రాము దొరికిన మాట నిజమేనని 2019లో అణువిద్యుత్ సంస్థ ఒప్పుకున్నది. నిపుణులు దానిని డీట్రాక్ అని గుర్తించారు. మీటల నొక్కులను వ్రాసుకోవడం దాని పనులలో ఒకటి. కేంద్రాన్ని నడిపే వ్యవస్థ వేరుగా ఉండడంవల్ల దానికి ఏమీ కాలేదని సంస్థ తెలియజేసింది.

వేరుగా ఉంచడమనే ఆ నీతి మన ఇళ్ళకూ పనికివస్తుంది. బ్యాంకు పని, పిల్లల ఆట ఒకే చోట పెట్టరాదు. రెండు కంప్యూటర్లు కొనే స్తోమత అందరికీ ఉండదు గనుక, కనీసం పిల్లలకు వేరే ఖాతా పెట్టి, కొత్త ప్రోగ్రాములు ఎక్కించే అధికారం దానికి ఇవ్వకూడదు. ఉచితంగా దొరికే దొంగ సరకు అసలే వద్దు. యాంటీవైరసును ఆపమన్నవాడు కాపలాకుక్కను కట్టివేయమన్నవాడే. బ్యాంకు పాస్‌వర్డును బ్రౌజరుకు అప్పగించరాదు. విండోస్‌కు వచ్చే మార్పులను వాయిదా వేయరాదు; విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తుంచుకోవాలి. నెట్ సెంటరులో బ్యాంకు పని చేయనే వద్దు. కీబోర్డు తీగకూ కంప్యూటరుకూ నడుమ వ్రేలెడు బిళ్ళ తగిలించి మీటలను దొంగిలించే పద్ధతి కూడా ఉన్నది.

మరొక కొత్త మోసం. "మీరు మనుష్యులేనని నిరూపించుకోండి" అంటూ ఒక పేజీ వస్తుంది. విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కమంటుంది, పిమ్మట కంట్రోల్, వి, చివరకు ఎంటర్. దొంగ ఆజ్ఞను మన చేతనే వ్రాయించి మన చేతనే అమలు జరిపించడమే ఇది. నిజమైన పరీక్ష ఏదీ ఇట్లా అడగదు. వెంటనే ఆ పేజీ మూసివేయవలెను.

ఇంతైనా దొంగ జొరబడితే? ముందు ఇంటర్నెట్ తీసివేయాలి. పాస్‌వర్డులు ఆ కంప్యూటరులోనే మార్చడం నేను చేసిన రెండవ తప్పు. కొత్త తాళంచెవిని కూడా దొంగకే చూపినట్లయింది. వేరే మంచి ఫోనులో మొదట మెయిలు, తరువాత బ్యాంకు పాస్‌వర్డు మార్చాలి. "అన్ని చోట్లా సైన్ అవుట్" చేస్తే పాత చీటీలు చెల్లకుండా పోతాయి. డబ్బు పోయి ఉంటే బ్యాంకుకూ, 1930 నంబరుకూ ఆ క్షణమే చెప్పాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి ఆలస్యం చేస్తే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే. కంప్యూటరులో విండోస్‌ను మొదటినుంచి మళ్ళీ ఎక్కించిన తరువాతనే దానిని నమ్మాలి.

మామయ్యకు ఆయన డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "మీ వాణ్ణి కొట్టకు" అని మాత్రం అన్నారు. నాకు తోచినది ఒక్కటే. నాలుగు రాష్ట్రాలలో చెదిరి ఉన్న మన కుటుంబాలను కలిపి ఉంచేది ఈ నమ్మకమే, దానిని పోగొట్టుకోవద్దు. కాని డబ్బు మాట వచ్చినప్పుడు, మనకు ముందునుంచి తెలిసిన నంబరుకు ఒక ఫోను చేసి, "ఏమిరా, నువ్వేనా అడిగింది?" అని అడగడం అమర్యాద కాదు. అట్లా అడిగించుకోవడం చిన్నతనమూ కాదు. ఈ ఒక్క ఒప్పందం ప్రతి ఇంటా చేసుకుంటే, లోపలికి వచ్చిన దొంగ కూడా ఉత్తచేతులతో పోవలసి వస్తుంది.