జానమాజు పక్కన పెట్టే కళ్లద్దాలకు ఒక చిన్న బొంత

సజ్దాకు వెళ్లేముందు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టే అలవాటు మన ఇళ్లలో చాలామంది పెద్దలకు ఉంది. నుదురూ ముక్కూ నేలకు ఆనాలి కదా, అద్దాలుంటే ఫ్రేము ముక్కు మీద నొక్కుకుంటుంది. ఇంట్లో అయితే ఫరవాలేదు. మసీదులో, అందులోనూ రంజాన్ నెలలో తరావీహ్‌కి సఫ్‌లు కిక్కిరిసినప్పుడు, ఆ అద్దాల మీద పక్కవాళ్ల మోకాలు పడుతుంది. నేల మీద బోర్లా పెడితే గ్లాసుకు గీతలు పడతాయి. వుజూ దగ్గరైతే కుర్తా జేబులో పడేస్తారు, అదే జేబులో తాళాలూ చిల్లరా ఉంటాయి.

చీడికాడ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. 2022 ఏప్రిల్ 4న మా మండలం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకి మారింది గానీ, కళ్లద్దాల పని పడితే చోడవరమో అనకాపల్లో వెళ్లడం మారలేదు. గ్లాసు గీసుకుపోతే ఒక పూట ప్రయాణం, తోడుగా ఇంట్లో ఒకరు, వాళ్లకి ఆ రోజు పని పోయినట్టే. అంచేత చాలామంది గీతలు పడ్డ అద్దాలతోనే ఏళ్లు లాగించేస్తారు. అద్దం మసగ్గా ఉందని కాకుండా, కళ్లే మసకబారాయనుకుని ఖురాన్ చదవడం తగ్గించుకునేవాళ్లూ ఉన్నారు. 2019 అక్టోబరు 10న మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు బడి పిల్లలతో మొదలై పెద్దలదాకా వచ్చింది, కొందరికి అప్పుడే మొదటిసారి అద్దాలు అందాయి. వచ్చిన అద్దాన్ని కాపాడుకోవడం మాత్రం ఇంటివాళ్ల పనే.

ఈ ఈద్‌కి నానాకో నానీకో, లేదా మీరు తాతయ్య, అమ్మమ్మ అని పిలిచేవాళ్లకో ఏం ఇవ్వాలా అని ఆలోచించేవాళ్లకు నేను చెప్పేది ఇదే: వాళ్ల అద్దాల కొలతకు ఒక బొంత సంచి కుట్టివ్వండి. పెద్ద బొంత కుట్టే పద్ధతే ఇక్కడా. పైన ఒక గుడ్డ, అడుగున ఒక గుడ్డ, మధ్యలో మెత్తటి పొర, మూడూ కలిసి ఉండేలా కుట్లు. కుట్టు మిషను అలవాటున్నవాళ్లకు ఒక మధ్యాహ్నం పని.

బొంత మనకి పరాయిది కాదు. దూదేకుల కుటుంబాలు, అంటే నూర్ బాషాలు, తరతరాలుగా చేసింది ఈ పనే. విల్లు కట్టిన తంత్రిని కొయ్యతో కొడుతూ ముద్దకట్టిన దూదిని ఏకడం, పరుపులూ బొంతలూ కుట్టడం. తెలుగే ఇంటి మాటగా ఉన్న ముస్లింలు వాళ్లు. వాళ్ల వృత్తి పేరునే తిట్టుగా వాడిన నోళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి, ఆ మాట ఇక్కడ రాయను. అదే నోళ్లవాళ్లు రాత్రికి పడుకున్నది వీళ్లు కుట్టిన పరుపుల మీదే. బొంతకు అన్ని కుట్లు ఎందుకో దూదేకులవారిని అడిగితే ఒక్క మాటలో చెబుతారు: కుట్టు లేకపోతే దూది ఒక మూలకి చేరిపోతుంది. మన చిన్న సంచికీ ఇదే సూత్రం.

ముందు కొలత. అద్దాలు మడిచి బల్ల మీద పెట్టి మూడు కొలతలు తీయండి: పొడవు, ఎత్తు, మడిచిన కాళ్లతో కలిపి మందం. చాలామంది మూడోది మర్చిపోతారు. నేను మొదటిసారి కుట్టినప్పుడు అదే చేశాను, సంచి చక్కగా వచ్చింది, అద్దాలు దూరలేదు. ఎత్తూ మందమూ కలిపి, దానికి ముప్పావు అంగుళం చేర్చండి. అదే సంచిని బల్ల మీద పరిచినప్పుడు ఉండాల్సిన వెడల్పు. ముప్పావు ఎందుకంటే మధ్య పొర కొంత చోటు తినేస్తుంది. ఉదాహరణకు ఫ్రేము 5½ అంగుళాల పొడవు, 1¾ ఎత్తు, 1½ మందం ఉంటే వెడల్పు 4 అంగుళాలు. లోతు 7 అంగుళాలు పెట్టుకుంటే పైన అంగుళంన్నర మిగులుతుంది, అద్దాలు జారి బయటపడవు. కింద చెప్పేవన్నీ ఈ కొలతకే. మీ కొలత వేరైతే ఆ మేరకు మార్చుకోండి.

గుడ్డ విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. బయటికి ఏదైనా సరే, లోపలికి మాత్రం బాగా ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డే. పాత లుంగీ, పాత నూలు దుపట్టా, చిన్నప్పటి మల్లు జుబ్బా, వీటిని మించిన లైనింగ్ దుకాణంలో దొరకదు. జరీ, చమ్కీ, అద్దాల పని ఉన్న ముక్క ఎంత అందంగా ఉన్నా లోపలికి వద్దు. ప్లాస్టిక్ గ్లాసుకు ఒక్క జరీ పోగు చాలు గీత పడడానికి. బయటి వైపుకి పెళ్లి బట్టల్లో మిగిలిన కట్ పీసు వేస్తే దానికో జ్ఞాపకం ఉంటుంది. శ్రీకాకుళం వైపు పొందూరు ఖద్దరు ముక్క దొరికితే ఇంకా మేలు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు, ఆ నూలు నునుపు చేతికి తెలుస్తుంది. కొత్త గుడ్డ ఏదైనా ముందు తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే సంచి కుంచించుకుపోతుంది.

మధ్య పొరకి పల్చటి స్పాంజి షీటు వాడొచ్చు, బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర ఉంటుంది. పాత ఫ్లానెల్ దుప్పటి ముక్క రెండు మడతలు వేసినా సరిపోతుంది. విడి దూది మాత్రం ఇంత చిన్న పనికి వద్దు.

బయటి గుడ్డ, మధ్య పొర, దాని అడుగున ఒక పల్చటి పాత గుడ్డ, మూడూ 10 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు కత్తిరించండి. కావలసినదానికంటే పెద్దగా ఎందుకంటే, కుట్లు పడేకొద్దీ ముక్క చిన్నదవుతుంది. అరిగిపోయిన సబ్బు ముక్కతో అంగుళం ఎడంగా ఏటవాలు గీతలు అటూ ఇటూ గీస్తే డైమండ్ గళ్లు వస్తాయి. ముందు చేత్తో కచ్చా కుట్టు వేసి పొరలు కదలకుండా పట్టించండి. తర్వాత మిషనుకి 16 నంబరు సూది పెట్టి, కుట్టు కాస్త పొడుగ్గా పెట్టుకుని, మధ్య గీత నుంచి మొదలుపెట్టి అంచుల వైపు వెళ్లండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ మధ్యలో ఉబ్బిపోతుంది. మిషను లేనివాళ్లు చేత్తో రన్నింగ్ కుట్టు వేసినా దిగులు లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్లు కవంద్ అనే పెద్ద బొంతలను పాత బట్టలతో పూర్తిగా చేత్తోనే కుడతారు. వాళ్లయితే అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకి వస్తారు, వాళ్ల చేతివాటం వేరు. చివర్లో నాలుగు మూలలా మడతలు పెట్టిన చిన్న ముక్కలు కుడతారు, వాటిని ఫూలా అంటారు. సిద్దీల్లో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ క్రైస్తవులూ ఉన్నారు, బొంత మాత్రం అందరిదీ ఒకటే.

కుట్లు అయ్యాక ముక్కను 8½ వెడల్పు, 7½ పొడవుకి సరిచేసి కత్తిరించండి. లైనింగ్ గుడ్డ కూడా అంతే. బొంత ముక్కకీ లైనింగ్‌కీ మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, 8½ అంచున పావు అంగుళం వదిలి కుట్టండి. విప్పితే ఒక పొడవాటి ముక్క అవుతుంది, సగం బొంత, సగం లైనింగ్. దాన్ని నిలువుగా మంచి వైపు లోపలికి మడిచి, మధ్య జాయింటు రెండు వైపులా కలిసేలా చూసి, మూడు పక్కలా కుట్టేయండి. లైనింగ్ పక్క అంచులో మాత్రం 3 అంగుళాలు కుట్టకుండా వదలాలి. లైనింగ్ భాగంలో కుట్టు ఒక పోగు లోపలికి జరిపి వేస్తే తర్వాత లోపల ముడతలు పడవు. మూలలు కత్తిరించి, వదిలిన సందులోంచి మొత్తాన్ని తిప్పేయండి. లైనింగ్ విడిగా ఉండడం వల్ల బొంత కుట్ల ముడులేవీ గ్లాసుకు తగలవు. మార్కెట్లో దొరికే చాలా సంచుల్లో ఈ జాగ్రత్త కనిపించదు.

ఒక నిజం చెప్పాలి. మెత్తటి సంచి గీతల నుంచి, చిన్నపాటి పడడం నుంచి కాపాడుతుంది గానీ, మనిషి బరువు నుంచి కాపాడదు. నేల మీద పెట్టేవాళ్లకైతే, ఆ సందు మూసేముందు బొంతకీ లైనింగ్‌కీ మధ్య రెండు వైపులా గట్టి ప్లాస్టిక్ ముక్కలు దూర్చండి. పాత ఐస్‌క్రీం డబ్బా మూత చాలు. ఒక్కోటి 2½ అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. మోకాలు ఆనితే ఆపుతుంది. పూర్తి బరువేసి తొక్కితే ఇదీ ఆగదు, ఆ మాట ఇచ్చేటప్పుడు చెప్పేయండి. తర్వాత సందును చేత్తో హెమ్మింగ్ చేసి, లైనింగ్‌ను లోపలికి తోసేస్తే సంచి తయారు.

మూతకి జిప్పు వద్దు. వణికే వేళ్లకు జిప్పు కష్టం, దాని పళ్లు ఫ్రేమును గీస్తాయి. నోరు తెరిచి ఉంచడమే మేలు. వుజూ దగ్గర మేకుకు తగిలించుకునేలా పక్క కుట్టులో ఒక గుడ్డ ఉంగరం పెడితే ఉపయోగం ఎక్కువ. దాన్ని కుట్టేటప్పుడే మడతలో దూర్చాలి, తర్వాత గుర్తొస్తే మళ్లీ విప్పాల్సిందే.

రంగు గురించి ఎవరూ ఆలోచించరు. అద్దాలు తీసేసిన మనిషే కదా ఆ సంచిని వెతుక్కోవాల్సింది! జానమాజు ఆకుపచ్చో మెరూనో అయితే దాని మీద నల్ల సంచి, ముదురు నీలం సంచి కనపడవు. పసుపు, తెలుపు, నారింజ మేలు. లోపలి గుడ్డ వేరే రంగైతే నోరు ఎటుందో కూడా తెలుస్తుంది. చూపు బాగా తగ్గినవాళ్లకి బయట ఒక వైపు పెద్ద బొత్తాం కుట్టండి, గ్లాసులు ఎప్పుడూ బొత్తాం వైపే పెట్టుకోమని చెబితే వేళ్లతోనే పోల్చుకుంటారు.

సంచితో పాటు రెండు మాటలు చెప్పి ఇవ్వండి. పొడి కొంగుతో, దుపట్టాతో గ్లాసు తుడవొద్దు, గీతలు ఎక్కువ పడేది అక్కడే. గ్లాసు మీది దుమ్మే గరుకు కాగితంలా పనిచేస్తుంది. వుజూకి నీళ్లు ఎలాగూ తిప్పుతారు, అప్పుడే గ్లాసును కడిగి మెత్తటి గుడ్డతో అద్దాలి. సంచిని కూడా వారానికోసారి లోపలిది బయటికి లాగి దులపాలి, నెలకోసారి ఉతకాలి.

ఇచ్చేముందు చివరిగా, లోపలి అంచున చిన్న తెల్ల గుడ్డ ముక్క ఒకటి కుట్టి, దాని మీద ఉతికినా పోని మార్కరుతో రెండు కళ్ల నంబర్లూ, పరీక్ష చేయించిన నెలా, ఇంట్లో ఎవరిదైనా ఫోన్ నంబరూ రాయండి. సఫ్‌లో మర్చిపోయిన అద్దాలు ఇంటికి తిరిగొస్తాయి, చోడవరం వెళ్లినప్పుడు నంబరు చీటీ కోసం పెట్టెలు వెతకక్కర్లేదు.