కార్యాలయ సౌధం కింద ప్రజాస్థలం: సిటీకార్ప్ సెంటర్ – ఒక పరిశీలన

కీలకపదాలు: నగర రూపకల్పన, ప్రజాస్థలం, సిటీకార్ప్ సెంటర్, విలియం హెచ్. వైట్, న్యూయార్క్.

ఆకాశహర్మ్యాన్ని ఎత్తుతో కొలవడం పరిపాటి. నగరవాసికి మాత్రం దానితో పరిచయం నేలమీదే కలుగుతుంది. ఆ నేల ఎవరిదన్న ప్రశ్నకు న్యూయార్క్ నగరం 1961 నాటి నిబంధనలలో ఒక బేరం రూపంలో సమాధానమిచ్చింది. యజమాని ఒక చదరపు అడుగు స్థలాన్ని ప్రజలకు విడిచిపెడితే, అధిక సాంద్రత గల ప్రాంతాలలో 10 చదరపు అడుగుల వరకు అదనపు నిర్మాణానికి అనుమతి లభించేది. స్థలాలైతే పుష్కలంగా వచ్చాయి. కాని నీడ, ఆసనం, చెట్టు లేని రాతిపరపులు వాటిలో ఎన్నో.

ఈ లోపాన్ని క్షేత్రపరిశీలనతో నిరూపించినవాడు విలియం హెచ్. వైట్. కెమెరాలతో జనసంచారాన్ని చిత్రీకరించి అతడు చేసిన నిర్ధారణ ఆశ్చర్యం కలిగించేంత సామాన్యమైనది: కూర్చోవడానికి చోటున్నచోట జనం కూర్చుంటారు. 1975 సవరణలో ఆసనాలు, చెట్లు, అంగళ్ల గురించిన నియమాలు చేరాయి.

1977లో పూర్తయిన సిటీకార్ప్ సెంటర్ 59 అంతస్తుల, 279 మీటర్ల సౌధం. స్థలంలో ఒక మూల సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చి ఉండేది. అక్కడే విడిగా కొత్త చర్చి నిర్మించాలన్నది ఒప్పందం. అందువల్ల వాస్తుశిల్పి హ్యూ స్టబ్బిన్స్, ఇంజనీరు విలియం లెమెజూరియర్ స్తంభాలను మూలలలో కాక నాలుగు పార్శ్వాల మధ్యభాగాలలో నిలిపి, సౌధాన్ని దాదాపు తొమ్మిది అంతస్తుల ఎత్తుకు లేపారు. కింద వీధిమట్టానికి దిగువన ఒక ప్రాంగణం, దానిని ఆనుకొని అంగళ్లు, భోజనశాలలతో కూడిన పైకప్పు గల ఆవరణ ఏర్పడ్డాయి.

పల్లపు ప్రాంగణాలను వైట్ సాధారణంగా మెచ్చడు. కంటికి కనబడని చోటికి జనం దిగరన్నది అతని వాదన. ఇక్కడ ఆ లోపాన్ని భూగర్భ రైలు స్టేషన్ తీర్చింది. ప్రాంగణం ప్రయాణికుల దారిలోనే ఉంది. అంగడి జనాన్ని రప్పిస్తుంది, నిజమే. అయితే ఏమీ కొననివారికీ బల్ల, కుర్చీ దక్కినప్పుడే అది ప్రజాస్థలమవుతుంది. లేకుంటే అది బజారు మాత్రమే.

పచ్చదనం మరింత కఠినమైన సమస్య. నేలమాళిగ పైకప్పుమీద చెట్టు పెరగాలంటే వేళ్లకు చాలినంత మట్టిలోతు, తడిసిన మట్టి బరువును మోయగల పలక, నీరు దిగని పొర, మురుగునీటి దారి కావాలి. వీటిని నిర్మాణగణన దశలోనే నిర్ణయించాలి. ఆ తరువాత మిగిలేది కుండీలే. సౌధపు నీడ, దాని ముఖం వెంబడి కిందికి దూకే గాలి కూడా మొక్కల ఎంపికను పరిమితం చేస్తాయి.

నిర్వహణ మరొక పార్శ్వం. 2000లో వెలువడిన జెరాల్డ్ కేడెన్ అధ్యయనం ఇటువంటి 503 స్థలాలను పరిశీలించి, 41 శాతం అంతంతమాత్రంగానే ఉపయోగపడుతున్నవని తేల్చింది. సిటీకార్ప్ సౌధానికి 2016లో వారసత్వ కట్టడంగా గుర్తింపు లభించింది; మరుసటి సంవత్సరమే, హిదేవో ససాకి సంస్థ రూపొందించిన ప్రాంగణపు జలధారను తొలగించారు.