ఒకే చుక్క, రెండు ప్రశ్నలు

నడకదారి అడిగితే యాప్ తనని తిన్నగా సిగ్నల్ దగ్గరికే తీసుకెళ్లి రోడ్డు దాటిస్తోందని, అక్కడ సిగ్నల్ ఉన్న సంగతి దానికి ఎవరు చెప్పారని ఓ పాఠకురాలు అడిగారు. ఈ ప్రశ్న చదివాక వేరే పని మీద మనసు నిలవలేదు.

అన్ని మ్యాపులూ లోపలికి తొంగిచూడనివ్వవు. 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూడనిస్తుంది, కాబట్టి దాని గురించే చెబుతాను. అందులో ఉన్నవి చుక్కలు, చుక్కల్ని కలిపే గీతలు, వాటికి తగిలించిన చీటీలు. చీటీ మీద ఒక పేరు, దానికో విలువ. ప్రాథమిక పాఠం ఇక్కడితో చాలు.

రోడ్డుకో గీత, కాలిబాటకో గీత గీస్తాం. రెండూ ఒకదాని మీదుగా ఒకటి పోయినంత మాత్రాన కలిసినట్టు కాదు. రెండింటికీ ఉమ్మడిగా ఒక చుక్క ఉండాలి. అది లేకపోతే దారి వెతికే ప్రోగ్రాముకు అక్కడ దాటే మార్గమే లేదు. ఆ చుక్క స్థానాన్ని డిగ్రీలో ఏడో దశాంశం దాకా రాసుకుంటారు, అంటే దాదాపు సెంటీమీటరు దాకా. అంత సూక్ష్మంగా కొలిచే ఏర్పాటు చేసుకున్నవాళ్లు, చుక్కకు కట్టే చీటీ దగ్గర బోర్లా పడ్డారు!

చీటీ పేరు ‘క్రాసింగ్’. దానికి పట్టేది ఒక్క విలువే. అడగాల్సిన ప్రశ్నలేమో రెండు: నేల మీద గీతలున్నాయా? నడిచేవాళ్ల కోసం దీపం ఉందా? బ్రిటన్‌లో ఇవి రెండూ ఒకే ప్రశ్న కింద లెక్క. అక్కడ జీబ్రా అంటే పక్కన పసుపు గోళాలు మిణుకుమిణుకుమనే, సిగ్నల్ లేని క్రాసింగ్. సిగ్నల్ ఉన్నచోట చారలు వేయరు. మరి ప్యారిస్‌లోనో హైదరాబాద్‌లోనో? చారలూ దీపమూ ఒకేచోట ఉంటాయి. చారలు చూసినవాడు ‘జీబ్రా’ అని రాస్తే సిగ్నల్ మాయం. మరొకరొచ్చి ‘సిగ్నల్’ అని దిద్దితే చారలు మాయం.

ఇంకో వింత. చారలుండి సిగ్నల్ లేని చోటికి ఈ మ్యాపులో ‘నియంత్రణ లేనిది’ అని విలువ ఇచ్చారు. బ్రిటిష్ రోడ్డు ఇంజనీర్ల భాషలో జీబ్రా నియంత్రిత క్రాసింగే! మ్యాపు పుట్టిందీ ఆ దేశంలోనే. అసలు వాళ్ల పేర్ల పిచ్చి వేరు. 1962లో తెచ్చిన పాండా క్రాసింగు జనాన్ని తికమక పెట్టి మూలనపడింది. 1969లో పెలికాన్ వచ్చింది. ‘పాదచారుల దీప నియంత్రిత’ అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాటల్ని కుదించి పక్షి పేరు చేశారు. తర్వాత పఫిన్, సైకిళ్లకు కూడా దారిచ్చే టూకాన్, గుర్రాలెక్కినవాళ్లకు పెగాసస్. ఈ జంతుశాల కోసం మ్యాపులో విడిగా ఒక చీటీయే ఉంది. హైదరాబాద్ దాకా ఎగిరొచ్చింది మాత్రం పెలికానే.

చివరికి మందు కనిపెట్టారు: గీతలకో చీటీ, సిగ్నల్‌కో చీటీ. ఇంత తేలికైన విరుగుడు ముందే ఎందుకు తట్టలేదో! పాత చీటీని మాత్రం పీకెయ్యలేదు. కాబట్టి ప్రోగ్రాములు రాసేవాళ్లు పాతదీ కొత్తదీ రెండూ చదువుకోక తప్పదు. పైగా వాహనాల సిగ్నల్ చీటీ వేరు. డివైడరున్న పెద్ద కూడలిలో అవి నాలుగు చుక్కల మీద ఉంటే, జాగ్రత్తలేని ప్రోగ్రాము ఒకే ఎర్రదీపం దగ్గర మనల్ని రెండుసార్లు ఆపుతుంది, కాగితం మీద.

ఉపయోగమా? చూపు లేనివాళ్లకు ఇది ప్రాణంతో సమానం. సిగ్నల్ శబ్దం చేస్తుందా, బటన్ పెట్టె కంపిస్తుందా, అంచున కాలికి తగిలే బుడిపెల పలకలున్నాయా అన్నవాటికి చీటీలున్నాయి. రాసేవాళ్లే తక్కువ. ఇక్కడ ఖాళీ అంటే ‘లేదు’ అని కాదు, ఎవరూ వెళ్లి చూడలేదని. ‘లేదు’ అని కూడా ఎవరో ఒకరు రాయాలి. నిన్న సాయంత్రం మా చౌరస్తాలో దీపం మూడుసార్లు మారేదాకా చెవులు రిక్కించి నిలబడి, ఇంటికొచ్చి రాశాను: శబ్దం, లేదు.